రొయ్య పెంకు, వెండి, పులుపు: గాయాల జెల్ ప్రాజెక్టు డైరీ

జూలై మొదటి వారం

టైటిల్‌కి కమిటీ ఓకే చెప్పింది. ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం ప్రాజెక్టు ఇది. చీము పట్టిన గాయాల మీద పెట్టే హైడ్రోజెల్ తయారు చేయాలి. అది బ్యాక్టీరియాని నిజంగా చంపుతుందా, చంపేటప్పుడు చర్మ కణాల్ని వదిలేస్తుందా అన్నది తేల్చాలి. టీమంటే నేను, నా క్లాస్‌మేట్ ఒకడు, మా గైడ్ మేడమ్. జంతువుల మీద ప్రయోగాలు ఈ ప్రాజెక్టులో లేవు. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, మాకున్న టైములో అయ్యే పని కాదు.

హైడ్రోజెల్ అంటే నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల. బరువులో తొంభై శాతం నీరే ఉన్నా కారిపోదు. మంచి జెల్ చేతిలోకి తీసుకుంటే లేత తాటి ముంజెలా ఉండాలని నా లెక్క: వేలితో నొక్కితే లొంగాలి, వదిలితే మళ్ళీ లేవాలి. 1960లో ప్రాగ్‌కి చెందిన ఒట్టో విఖ్టర్లే, ద్రహోస్లావ్ లిమ్ ఇలాంటి జెల్స్ మీద రాసిన పేపరుతో ఈ రంగం ఊపందుకుంది. వాళ్ళ దారి మెత్తటి కాంటాక్ట్ లెన్సుల వైపు వెళ్ళింది. గాయాల వైపు దారి తెరిచింది మాత్రం 1962లో లండన్ పరిశోధకుడు జార్జ్ వింటర్. పందుల చర్మం మీద గాయాలు చేసి, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి తడిగా ఉంచాడు, కొన్నిటిని ఆరబెట్టాడు. తడిగా ఉన్నవాటి మీద కొత్త చర్మం సుమారు రెండింతల వేగంతో పరుచుకుంది. మన ఇళ్ళలో ఇప్పటికీ "కట్టు విప్పెయ్, గాలి తగలనీ, పక్కు కట్టనీ" అనే అంటారు. అమ్మకి వింటర్ సంగతి చెప్పాను, నమ్మలేదు.

మరి అన్ని గాయాలూ తడిగా ఉంచితే సరిపోతుందా అంటే, లేదు. తడి, వెచ్చదనం బ్యాక్టీరియాకీ ఇష్టమే. అందుకే జెల్‌లోనే సూక్ష్మజీవుల్ని ఆపేది ఏదో ఒకటి ఉండాలి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. వాళ్ళలో కాలి పుండు పడి, అది మానక, వేలో పాదమో తీసేయాల్సి వచ్చినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. ఈ టాపిక్ ఎందుకని వైవా‌లో అడిగితే చెప్పే జవాబు ఇదే.

జూలై, ముడిసరుకు దగ్గర

జెల్‌లో బ్యాక్టీరియాని ఆపాల్సింది కైటోసాన్, రొయ్య పెంకు నుంచి తీసే పాలిమర్. దాన్ని కొనాలా, చేయాలా అని చర్చ. మేడమ్ తీర్పు: లెక్కల కోసం కొన్నదే వాడండి, దాని డీఎసిటైలేషన్ శాతం (ఎసిటైల్ గుంపులు ఎంత మేరకు ఊడాయో), స్నిగ్ధత (చిక్కదనం) సీసా మీద రాసి ఉంటాయి, సరదా ఉంటే పక్కన మీది మీరు చేసుకోండి. సరదా మాకు ఉంది. ఆంధ్రాలో ఉండి, దేశంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు పండించే రాష్ట్రంలో ఉండి, పెంకు పొడి సీసా పోస్టులో తెప్పించుకోవడం నాకు నచ్చలేదు.

క్లాస్‌మేట్‌ది భీమవరం వైపు. వాళ్ళ చిన్నాన్నకి వెనామీ రొయ్యల చెరువులున్నాయి. ప్రాసెసింగ్ దగ్గర తలలు, పెంకులు గుట్టలుగా పడి ఉంటాయట. ఐస్ పెట్టిన థర్మాకోల్ డబ్బాలో సరుకు వచ్చింది. ల్యాబ్ అటెండర్ బాబాయ్ డబ్బా తెరిచి, "ఏంటమ్మా, ఫార్మసీ కాలేజీయా, చేపల బజారా?" అని తలుపు వేసేశాడు. కడగడం, ఎండబెట్టడం అంతా టెర్రస్ మీదే. కాకులకి కాపలా కూడా మేమే.

పద్ధతి పాతదే. ఎండిన పెంకులో ముఖ్యంగా మూడు ఉంటాయి: కాల్షియం కార్బొనేట్, ప్రోటీన్, కైటిన్. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే కార్బొనేట్ బుస్సున పొంగి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది (పెద్ద బీకరు తీసుకోవాలి, లేదంటే బెంచీ అంతా నురుగే). తర్వాత సజల సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే ప్రోటీన్ కరుగుతుంది. మిగిలిన గులాబీ రంగు అస్టాజాంథిన్‌ది, ఎసిటోన్‌తో కడిగితే పోతుంది. చేతికి వచ్చేది తెల్లటి, తేలికైన కైటిన్. దాన్ని 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో సుమారు 100 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే ఎసిటైల్ గుంపులు ఊడి, అమైన్ గుంపులు బయటపడి, కైటోసాన్ అవుతుంది. ఈ ఆఖరి మెట్టు దగ్గర ఫేస్ షీల్డ్, గ్లౌజులు లేకుండా ఎవరినీ నిలబడనివ్వలేదు. అంత చిక్కటి క్షారం కంట్లో చుక్క పడినా చూపు పోయే ప్రమాదం.

మాది కరిగింది. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో రాత్రంతా మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిరిగి, పొద్దున్నకి లేత పసుపు చిక్కటి ద్రవం అయ్యింది. కొన్నది ఇంకా తేటగా ఉంటుంది. మాదాన్ని మస్లిన్ గుడ్డలో వడకట్టాల్సి వచ్చింది. టైట్రేషన్‌లో డీఎసిటైలేషన్ కొన్నదానికంటే కాస్త తక్కువ తేలింది. పరవాలేదు, పక్కన పోల్చడానికి పనికొస్తుంది.

మాట మీద మాట: భీమవరం నుంచి సరుకు వచ్చిందని చెప్పగానే మేడమ్ యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఎత్తారు. ఆయన పుట్టింది అక్కడే, 1895లో. అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. యాంటీబయాటిక్స్‌కి మనవాళ్ళ చెయ్యి ఉన్న ఊరి పెంకుతో యాంటీబయాటిక్ లేని జెల్ చేస్తున్నాం.

ఆగస్టు మొదటి వారాలు

కైటోసాన్ ఒక్కటే జెల్‌గా నిలబడదు, చిక్కటి ద్రవంగా ఉండిపోతుంది. గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడి వేయాలి. చాలామంది గ్లూటరాల్డిహైడ్ వాడతారు. చవక, త్వరగా గట్టిపడుతుంది. కానీ ముడి పడకుండా మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ కణాలకి విషం, పూర్తిగా కడిగేశామని నిరూపించడం పెద్ద పని. గాయం మీద పెట్టేదానిలో అది వద్దనుకున్నాం.

మేం ఎంచుకున్నది గడ్డకట్టించి కరిగించే పద్ధతి. పాలీవినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏ, పది శాతం ద్రావణం చేసి కైటోసాన్‌తో కలిపి, అచ్చులో పోసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతాం. నీరు ఐస్ అవుతూ పీవీఏ గొలుసుల్ని మిగిలిన ఇరుకు చోట్లలోకి నెడుతుంది. అక్కడ అవి దగ్గరగా చేరి చిన్న చిన్న స్ఫటికాలవుతాయి. బయటికి తీసి కరిగిస్తే ఐస్ పోతుంది, స్ఫటికాలు ఉండిపోతాయి. ఆ స్ఫటికాలే ముడులు. ఇంకే రసాయనం అక్కర్లేదు. ఎన్నిసార్లు గడ్డకట్టించి కరిగిస్తే జెల్ అంత గట్టిపడి తెల్లబడుతుంది.

ఇక్కడ రెండు తలనొప్పులు. ఒకటి, పీవీఏ పొడిని వేడి నీళ్ళలో ఒక్కసారిగా పోస్తే పైన పొర కట్టి ఉండలవుతుంది, ఆ ఉండలు ఇక చచ్చినా కరగవు. చన్నీళ్ళలో చల్లి, తిప్పుతూ 90 డిగ్రీలకి తీసుకెళ్ళాలి. రెండోది, కరెంటు. వానాకాలం మా దగ్గర రాత్రిళ్ళు పోతూ వస్తూ ఉంటుంది. ఫ్రీజర్ ఆగి మళ్ళీ మొదలైతే ఆ బ్యాచ్‌కి లెక్కలో లేని కరిగింపు ఒకటి కలిసినట్టే. ఫ్రీజర్‌లో థర్మామీటర్ లాగర్ పెట్టాం. సైకిల్ మధ్యలో ఉష్ణోగ్రత పైకెక్కిన బ్యాచ్‌లని పక్కన పెట్టి, అచ్చులోంచి తీసే ప్రాక్టీసుకి వాడుతున్నాం.

ఆగస్టు, ఆసుపత్రిలో ఒక పూట

మేడమ్ పరిచయంతో ఒక ప్రభుత్వ ఆసుపత్రి సర్జరీ వార్డులో డ్రెస్సింగ్ జరిగే చోట నిలబడనిచ్చారు. చూడటం మాత్రమే, ఏమీ ముట్టుకోకూడదు. పుస్తకంలో దొరకనిదంతా అక్కడ ఆ పూట విన్నాను.

సర్జన్ గారు మా జెల్ బిళ్లని గ్లౌజు వేలితో నొక్కి చూసి, "బాగుంది. కానీ అమ్మా, ముందు కుళ్ళిన కండ తీసెయ్యాలి. అది ఉండగా మీద ఏం పెట్టినా దండగ" అన్నారు. తర్వాత, "రసి బాగా కారే పుండుకి నీ జెల్ ఇవ్వకు. చుట్టూ చర్మం నాని తెల్లబడిపోతుంది. పొడిబారి, అక్కడక్కడా పసుప్పచ్చ పొర ఉన్న పుండుకి ఇవ్వు." ఇది నిజం. హైడ్రోజెల్ ప్రధానంగా తడి ఇచ్చేది, పీల్చేది తక్కువ. రసి ఎక్కువుంటే ఆల్జినేట్, ఫోమ్ డ్రెస్సింగులే నయం. మా సినాప్సిస్‌లో "అన్ని రకాల సోకిన గాయాలకు" అని ఉన్న మాట ఆ సాయంత్రమే కొట్టేశాం.

సిస్టర్ గారి ప్రశ్న వేరు. "ఇది ఒక్క ముక్కగా వస్తుందా? గాజుగుడ్డ పుండుకి అతుక్కుంటే సెలైన్ పోసి నానబెట్టి తీయాలి, పెద్దాళ్ళు కూడా ఏడుస్తారు. ఎన్ని రోజులకోసారి మార్చాలి?" మా దగ్గర అప్పటికి జోన్‌లు (జెల్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు), స్వెల్లింగ్ (జెల్ ద్రవం పీల్చి ఉబ్బడం) గురించి ఆలోచనే తప్ప పీల్ గురించి, అంటే ఒలిచి తీయడం గురించి లేదు. మర్నాటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ పంది చర్మం ముక్క మీద (మాంసం కొట్టు నుంచి తెచ్చింది) పెట్టి, తీసినప్పుడు చిరుగుతుందా లేదా రాస్తున్నాం. కైటోసాన్ వాటా పెరిగేకొద్దీ జెల్ మెత్తబడి చిరుగుతోంది.

వెళ్తూ వెళ్తూ, పచ్చ చీము పట్టిన పుండు ఒకటి చూపించారు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని. దాని పయోసయనిన్ రంగు కట్టు మీద స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటివాటికి పలచని ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన గాజుగుడ్డ పెడతామని సర్జన్ గారు చెప్పారు. "వెనిగరమ్మా. పాతకాలం మందు, ఇప్పటికీ పనిచేస్తుంది." అప్పుడు నోట్సులో ఒక లైన్ రాసుకుని వదిలేశాను.

సెప్టెంబర్

ప్లేట్లు మొదలు. రెండు బ్యాక్టీరియా: స్టెఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923, సూడోమోనాస్ ఎరుజినోసా ఏటీసీసీ 27853 (ఏటీసీసీ అంకెలు ప్రామాణిక రకాల గుర్తులు). వాటిని పెంచే ముల్లర్ హింటన్ అగార్ నాలుగు మిల్లీమీటర్ల మందం. కల్చర్‌ని 0.5 మెక్‌ఫార్లండ్ మబ్బుకి సరిచేశాం, అంటే మిల్లీలీటరుకి సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా. దూదిపుల్లతో ప్లేటంతా పరిచి, మీద జెల్ బిళ్ల పెట్టి, 35 డిగ్రీల దగ్గర రాత్రంతా.

పొద్దున్న చూస్తే వెండి ఏమీ కలపని కైటోసాన్ జెల్ చుట్టూ చక్కటి జోన్. క్లాస్‌మేట్ ఫోటోలు తీసి స్టేటస్ పెట్టేశాడు కూడా. మేడమ్ ప్లేటు వెలుతురుకి పట్టి చూసి, "కంట్రోల్ ఏది?" అన్నారు. ప్లాన్‌లో ఉన్న కంట్రోల్ ప్లేటు పక్క ఇంక్యుబేటర్‌లో ఉంది: కైటోసాన్ లేదు, పీవీఏ, దానితో పాటు అదే మోతాదు ఎసిటిక్ ఆమ్లం. దాని చుట్టూనూ జోన్ వచ్చింది. దాదాపు అంతే.

అంటే ప్లేటు మీద పనిచేసింది రొయ్య కాదు, వెనిగర్.

జెల్‌ని బఫర్‌లో నానబెట్టి ఆమ్లం కడిగేశాక మళ్ళీ పెడితే జోన్ పోయింది. బిళ్ల కింద మాత్రం బ్యాక్టీరియా పెరగలేదు. ఇందులో ఆశ్చర్యం లేదు. జోన్ రావాలంటే మందు జెల్ లోంచి బయటికి వచ్చి అగార్‌లోకి పాకాలి. కైటోసాన్ పెద్ద అణువు, వలలో చిక్కుకుని ఉంటుంది, పాకదు. అది తనకి తగిలిన బ్యాక్టీరియానే చంపుతుంది. కాబట్టి జోన్ వ్యాసం చూసి ఏ జెల్ గొప్పదో తేల్చడం అంటే ఏది బాగా కారుతుందో కొలవడమే. చాలా థీసిస్‌లలో జోన్ ఫోటోలే ముఖ్య ఫలితంగా ఉంటాయి. మాదాంట్లో ఉండవు.

సెప్టెంబర్ చివర

పద్ధతి మార్చాం. జెల్ బిళ్ల మీదే కొద్దిగా కల్చర్ చుక్క పెట్టి, ఆరిపోకుండా కప్పి ఉంచుతాం. నిర్ణీత గంటల తర్వాత బిళ్లని న్యూట్రలైజర్ ద్రవంలో వేసి బాగా కుదిపి, పలచన చేస్తూ ప్లేట్ల మీద పోసి, మిగిలినవాటిని లెక్కపెడతాం. న్యూట్రలైజర్ తప్పనిసరి, ముఖ్యంగా వెండి ఉన్నప్పుడు: సోడియం థయోగ్లైకొలేట్, థయోసల్ఫేట్ కలిపి. లేకపోతే బిళ్ల నుంచి వచ్చిన వెండి లెక్కపెట్టే ప్లేటు మీద కూడా చంపుతూనే ఉంటుంది, మన జెల్ లేని గొప్పతనం కనిపిస్తుంది. బ్యాక్టీరియా వెయ్యో వంతుకి పడిపోతే, అంటే మూడు లాగ్‌లు తగ్గితే, చంపే శక్తి ఉందని ఒప్పుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కైటోసాన్ చంపడానికి కారణం దాని అమైన్ గుంపుల మీద ధనావేశం. బ్యాక్టీరియా పై పొర రుణావేశంతో ఉంటుంది, ఈ రెండూ అతుక్కుని ఆ పొర చెదిరిపోతుంది. కానీ ఆ ధనావేశం ఆమ్లంలోనే ఉంటుంది. కైటోసాన్ పీకేఏ, అంటే సగం అమైన్ గుంపులకి ఆవేశం ఉండే పీహెచ్, సుమారు 6.5. పీహెచ్ అంతకంటే పైకి పోతే ఆవేశం తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ 4 నుంచి 6 మధ్య, అంటే కైటోసాన్‌కి అనుకూలం. మానని పుండు పీహెచ్ మాత్రం 7 దాటి 8.9 దాకా కూడా పోతుంది. అంటే మందు ఎక్కడ పనిచేయాలో అక్కడే దానికి శక్తి లేదు.

దీన్ని ప్లేటు మీద చూడాలని మూడు రకాల ద్రవాలతో జెల్‌ని సరిచేసి పరీక్ష పెట్టాం. పీహెచ్ 5.5 దగ్గర స్టెఫిలోకాకస్ మూడు లాగ్‌లకు పైగా పడింది. 7.4 దగ్గర ఒక లాగ్ కూడా పడలేదు. 8 దగ్గర, అందులోనూ సీరం (రక్తం నుంచి తీసే ప్రోటీన్ల ద్రవం) కలిపినప్పుడు, చుక్కలో వేసినవన్నీ దర్జాగా ఉన్నాయి. సోడియం, కాల్షియం క్లోరైడ్‌లతో చేసే కృత్రిమ రసి ద్రవం (లీటరుకి సోడియం క్లోరైడ్ 8.298 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.368 గ్రాములు) స్వెల్లింగ్ కొలవడానికి సరే. చంపే శక్తి కొలవడానికి ఉప్పునీళ్ళు చాలవు. సగం సీరం కలిపిన ద్రవమే కాస్త రసికి దగ్గర. సీరం ఖరీదు మాత్రం చూస్తే గుండె గుభేలు. మేడమ్ వేరే ప్రాజెక్టులో మిగిలిన చిన్న సీసా ఇచ్చారు, చుక్క చుక్కా లెక్కపెట్టి వాడుతున్నాం.

అక్టోబర్, వెండి

వెండి వేయకుండా ఉండలేం అనిపించింది. 1968లో చార్లెస్ ఫాక్స్ కాలిన గాయాలకి సిల్వర్ సల్ఫాడయజిన్ తెచ్చిన దగ్గర్నుంచి వెండి డ్రెస్సింగుల రాజ్యమే. కైటోసాన్ ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ కలిపి వేడి చేస్తే కైటోసానే దాన్ని క్షయకరణం చేసి నానో కణాలుగా మారుస్తుంది. రంగు లేని ద్రవం పసుపు మీదుగా గోధుమ రంగుకి తిరుగుతుంది, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400, 420 నానోమీటర్ల మధ్య శిఖరం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. సీసాలకి ఫాయిల్ చుట్టి చీకట్లో పెట్టాం.

వెండి బాగా చంపింది, రెండు జాతుల్నీ. కానీ సీరం కలపగానే పట్టు సడలింది. ప్రోటీన్లలోని సల్ఫర్ గుంపులు వెండిని పట్టేసుకుంటాయి, రసిలో ఉండే క్లోరైడ్ దాన్ని సిల్వర్ క్లోరైడ్‌గా దింపేస్తుంది. సరే, మోతాదు పెంచుదాం అని క్లాస్‌మేట్. అదే అందరికీ మొదట తోచేది. అక్కడ ఆపడానికే కణాల పరీక్ష ఉంది.

పసుపు గురించి కూడా ఇక్కడే రాసేస్తాను, అందరూ అడుగుతున్నారు కాబట్టి. గాయానికి పసుపు వాడటం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చారు, సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దు చేశారు. ఆ గెలుపు మనకి గర్వకారణమే. కానీ కర్కుమిన్‌ని మా జెల్‌లో వేస్తే కథ వేరు. నీళ్ళలో కరగదు. పీహెచ్ 8 ద్రవంలో మా కళ్ళ ముందే ఎర్రబడి, కాసేపటికి రంగు వెలిసింది. క్షారంలో అది త్వరగా విడిపోతుంది. పైగా దాని రంగు ఎంటీటీ పరీక్షలో (బతికున్న కణాల్ని రంగుతో కొలిచే పరీక్ష) రీడింగ్‌ని కలుషితం చేస్తుంది. దుగ్గిరాల మార్కెట్ పక్కనే ఉన్నా మేం పసుపుని పక్కన పెట్టాం.

నవంబర్, కణాలు

మా కాలేజీలో సెల్ కల్చర్ లేదు. వేరే చోట ఫీజు కట్టి చేయించాం. ఎల్929 ఫైబ్రోబ్లాస్ట్ కణాలు, జెల్ నానిన మీడియం, ఒక రోజు తర్వాత ఎంటీటీ. వైద్య పరికరాల ప్రమాణం ఐఎస్ఓ 10993-5 ప్రకారం కణాల జీవశక్తి 30 శాతానికి మించి తగ్గితే ఆ పదార్థం కణ విషం కిందే లెక్క.

ఎక్కువ వెండి వేసిన జెల్ ఫెయిల్, అది కూడా చిత్తుగా. మధ్య మోతాదు గీత మీద. తక్కువ మోతాదు పాస్. వెండి లేనిది, ఆమ్లం కడిగినది, హాయిగా పాస్. ఆమ్లం కడగనిదాన్ని మీడియంలో వేయగానే అందులో పీహెచ్ చూపే ఫినాల్ రెడ్ రంగు పసుప్పచ్చగా మారింది, కణాలకి ఆ పులుపు పడలేదు. టెక్నీషియన్ అన్నగారు పోస్టులో రిపోర్టు పంపి, "జెల్ రంగు వల్ల రీడింగ్ మారుతోందేమో, కణాలు లేని బావులు కూడా పెట్టాను, అది తీసేసి లెక్క వేశాను" అని ఫోన్ చేసి చెప్పారు. అలా చెప్పేవాళ్ళు తక్కువ.

పాస్ అయిన మోతాదు వెండి, సీరం ఉన్న ద్రవంలో, పీహెచ్ 8 దగ్గర చాలినంత చంపదు. చాలినంత చంపే మోతాదు కణాల్ని కూడా చంపుతుంది. ఆ రెండు గీతలూ కలిసే చోటు మా జెల్‌లో లేదు. రెండు రోజులు టెన్షన్‌గా గడిచింది.

నవంబర్, బయోఫిల్మ్ గురించి కొంచెం

2008లో వచ్చిన ఒక అధ్యయనంలో మానని గాయాల నమూనాల్లో 60 శాతంలో బయోఫిల్మ్ కనిపించింది, కొత్త గాయాల్లో 6 శాతంలో. అంటే బ్యాక్టీరియా విడివిడిగా కాక, తాము చేసుకున్న జిగురులో గుంపుగా పాతుకుని ఉంటాయి. రెండు రోజులు పెరిగిన సూడోమోనాస్ బయోఫిల్మ్ మీద మా ఏ జెల్ కూడా చెప్పుకోదగ్గ పని చేయలేదు. క్రిస్టల్ వయొలెట్‌తో కొలిస్తే చచ్చిన బ్యాక్టీరియా, వాటి జిగురు కూడా రంగు పట్టుకుంటాయి కాబట్టి ఆ అంకెల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, లెక్కింపు ప్లేట్లే చూశాం. సర్జన్ గారు ముందు కుళ్ళిన కండ తీయమన్నది ఇందుకే. తీసేశాక మళ్ళీ పాతుకోకుండా ఆపడం, అంతే మా జెల్ నుంచి ఆశించదగ్గది. థీసిస్‌లో లక్ష్యం ఆ మాటతోనే మళ్ళీ రాశాం.

డిసెంబర్, పులుపు మళ్ళీ

నోట్సు తిరగేస్తుంటే ఆసుపత్రి పేజీలో "వెనిగరమ్మా" లైన్ కనిపించింది. సెప్టెంబర్‌లో ప్లేటు మీద జోన్ తెచ్చింది ఆమ్లమే. అప్పుడు దాన్ని కడిగి పారేశాం, కైటోసాన్ నిజం తెలియాలని. కడగడం సరైనదే. కానీ గాయం పీహెచ్ క్షారం వైపు ఉండటమే మా సమస్య అయితే, జెల్‌లో కొంచెం పులుపు నిలవ ఉంచి, అక్కడి పీహెచ్‌ని ఆరు కిందకి దించగలిగితే? కైటోసాన్‌కి ఆవేశం తిరిగి వస్తుంది. సూడోమోనాస్‌కి ఆమ్లం ఎలాగూ గిట్టదు. వెండి తక్కువ మోతాదులో ఉంచుకోవచ్చు.

మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. ఆవిడ అభ్యంతరం ఇది: రసిలో బైకార్బొనేట్, ప్రోటీన్ రెండూ బఫర్లే, మీ జెల్ పులుపుని గంటలో మింగేస్తాయి. ఎసిటిక్ ఆమ్లం ఎగిరిపోతుంది, వాసన కూడా. ఇంకో దారి ఏంటంటే, పీహెచ్‌తో పని లేకుండా ఎప్పుడూ ధనావేశం ఉండేలా కైటోసాన్‌నే మార్చడం, క్వాటర్నరీ కైటోసాన్. దానికి మిథైల్ అయోడైడ్ లాంటివి పట్టుకోవాలి, మా ఫ్యూమ్ హుడ్ పరిస్థితికి ఆవిడే వద్దన్నారు.

చివరికి లాక్టిక్ ఆమ్లం, సోడియం లాక్టేట్ బఫర్‌తో వెళ్ళాం. చర్మంలో సహజంగా ఉండేదే. పీవీఏ, కైటోసాన్ కలిపే దశలోనే బఫర్ వేసి, పీహెచ్ ఐదు దగ్గర సరిచేసి గడ్డకట్టించాం. మొదటి బ్యాచ్ మెత్తగా వచ్చింది, ఉప్పు ఎక్కువైతే స్ఫటికాలు సరిగా కట్టవేమో. బఫర్ తగ్గించి, ఫ్రీజర్ సైకిళ్ళు పెంచాక పీల్ పరీక్షలో ఒక్క ముక్కగా వచ్చింది. సిస్టర్ గారికి చూపించాలి.

పరీక్ష ఇలా పెట్టాం: జెల్ కింద సీరం కలిపిన ద్రవం, రెండు గంటలకోసారి పాతది తీసి కొత్తది పోయడం, రసి ఊరుతూ ఉన్నట్టు. జెల్ ఉపరితలం మీద ఫ్లాట్ ఎలక్ట్రోడ్‌తో పీహెచ్ చూడటం. ద్రవం తక్కువగా ఊరేలా పెడితే రాత్రి దాకా ఆరు లోపల ఉంది. ఎక్కువగా పోస్తే మధ్యాహ్నానికే ఏడు దాటింది. మేడమ్ చెప్పిందీ నిజమే, మేం అనుకున్నదీ కొంత నిజమే. రసి తక్కువున్న పుండుకే హైడ్రోజెల్ పెట్టాలన్న సర్జన్ గారి మాటకి ఈ అంకెలు సరిగ్గా సరిపోతాయి. తక్కువ ఊరే అమరికలో, తక్కువ వెండితో, స్టెఫిలోకాకస్ మూడు లాగ్‌ల గీతని దాటింది. సూడోమోనాస్ ఇంకా బాగా పడింది.

జనవరి

స్టెరిలైజేషన్ గురించి ఇన్నాళ్ళు వాయిదా వేశాం. ఆటోక్లేవ్‌లో పెడితే పీవీఏ స్ఫటికాలు కరిగి జెల్ మళ్ళీ సూప్ అవుతుంది, 121 డిగ్రీలు దానికి చాలా ఎక్కువ. గామా కిరణాలైతే పీవీఏకి మేలే, కొత్త ముడులు పడతాయి. ముంబయిలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) రేడియేషన్‌తోనే పీవీఏ హైడ్రోజెల్ డ్రెస్సింగ్ చేసే పద్ధతి రూపొందించింది, ముడి వేయడం, స్టెరిలైజ్ చేయడం ఒకేసారి అయిపోతాయి. కానీ మామూలుగా వాడే 25 కిలోగ్రేల మోతాదు కైటోసాన్ గొలుసుల్ని తెంచుతుంది. ప్రస్తుతానికి ద్రావణాలు విడివిడిగా స్టెరైల్ చేసి లామినార్ హుడ్‌లో కలిపి పోస్తున్నాం. కైటోసాన్ ద్రావణం చిక్కదనానికి ఫిల్టర్ పట్టదు, పలచన చేసి ఆటోక్లేవ్ చేస్తే స్నిగ్ధత కొంత పడుతోంది, ఆ నష్టం ఒప్పుకుని ముందుకెళ్తున్నాం.

పెంకు నుంచి మేం చేసుకున్న కైటోసాన్‌తో కూడా బఫర్ జెల్ ఒక బ్యాచ్ పోశాం. చంపే శక్తిలో కొన్నదానికి కొంచెం వెనక, పీల్‌లో సమానం. అటెండర్ బాబాయ్‌కి చూపిస్తే వాసన చూశాడు. "రొయ్య వాసన లేదు" అని ధ్రువీకరించాడు.

లాక్టేట్ జెల్‌కి కణాల పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. ఆమ్లం ఎక్కువని ఫెయిల్ అయితే బఫర్‌ని పీహెచ్ 5.5కి జరిపి మళ్ళీ పంపుతాం, దానికి అచ్చులు పోసి ఫ్రీజర్‌లో పెట్టే ఉన్నాయి. వచ్చే వారం ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో రసాయన గుంపుల్ని గుర్తించే యంత్రం) స్లాట్ ఉంది. మిగిలిన సీరం ఇంకో రెండు పరీక్షలకి వస్తుంది, అందులో ఒకటి సూడోమోనాస్‌కే.